మధ్యాహ్నం పార్కు గేటుకు తాళం ఎందుకు?

అనంతపురంలో ఒక పబ్లిక్ పార్కు బాధ్యత నాది. ఉద్యోగం పేరు మేనేజర్, వచ్చేపోయేవాళ్లకు మాత్రం పార్కు సార్. "చెట్లకు నీళ్లు పట్టించడమే కదా సార్, ఇంకేం పని ఉంటుంది?" అని అడిగేవాళ్లు బాగానే ఉన్నారు. పని చాలా ఉంటుంది, దాని గురించి రాయాలని ఎప్పటినుంచో అనుకుంటున్నాను. కానీ ఇప్పుడు రాస్తున్నది ఒక్క విషయం కోసం. మన రాయలసీమ ఊళ్లలో చాలా పార్కులకు పొద్దున పదింటికి తాళం వేసి సాయంత్రం నాలుగింటికి తీసే అలవాటు ఉంది చూడండి, అది ఎండాకాలంలోనైనా మానేయాలి. ఎందుకు ఇంత గట్టిగా అంటున్నానో తెలియాలంటే పార్కులో ఏం జరుగుతుందో కొంచెం చెప్పాలి.

పొద్దున ఐదుకల్లా వాకింగ్ వాళ్లు గేటు దగ్గర ఉంటారు, ఎండాకాలమైతే నాలుగున్నరకే. షుగరు, బీపీ ఉన్నవాళ్లు, రిటైరైన టీచర్లు, షాపు తీసే ముందు గంటసేపు నడిచే వ్యాపారస్తులు, ఒక మూల యోగా, ఇంకో మూల షటిల్ నెట్టు. పార్కుకు నిజమైన బలం వీళ్లే. లైటు వెలగకపోయినా, టాయిలెట్లో నీళ్లు రాకపోయినా మొదటి ఫోన్ వీళ్ల నుంచే వస్తుంది, కార్పొరేటర్ దగ్గరికి పోయి మాట్లాడేదీ వీళ్లే. ఎనిమిదికి సగం మంది ఉగ్గాని బజ్జీ బండి దగ్గర ఉంటారు, తొమ్మిదికి పార్కు ఖాళీ. మళ్లీ సాయంత్రం ఐదు దాటాక పిల్లలు, తల్లులు, వాళ్లతోపాటు అవ్వలు, తాతలు. పార్కు టైమింగ్స్ అన్నీ ఈ రెండు గుంపులను చూసి పెట్టినవే. మధ్యలో ఆరు గంటలు ఎవరి లెక్కలోనూ లేవు.

మిగతా పనుల్లో నేను ఎవరికీ వదలనిది ఉయ్యాలల చెకింగ్. ఉయ్యాల గొలుసు కింద నుంచి చూస్తే ఎప్పుడూ గట్టిగానే కనిపిస్తుంది. అరిగేది పైన, అడ్డ పైపుకు తగిలించిన కొక్కెం దగ్గర, ఇనుము ఇనుముతో రాసుకునే చోట. నిచ్చెన వేసుకుని ఎక్కి, గొలుసును కొంచెం ఎత్తిపట్టి, కొక్కెం లోపలి వంపులో వేలు పెట్టి చూస్తే తెలుస్తుంది, అక్కడ నున్నగా మెరుస్తూ ఒక గాడి పడి ఉంటుంది. ఆ గాడి కొక్కెం మందంలో మూడో వంతుకు వచ్చిందంటే ఇంక ఆలోచించకుండా మార్చేయాలి. దసరాకు, సంక్రాంతికి, ఎండాకాలం సెలవులకు ముందు తప్పకుండా చూడాలి, ఎందుకంటే ఆ రోజుల్లో చిన్నపిల్లలతోపాటు పదిహేనేళ్ల కుర్రాళ్లు కూడా ఇద్దరిద్దరు నిలబడి ఊగుతారు. వద్దంటే దిగుతారు, అటు తిరగ్గానే మళ్లీ ఎక్కుతారు. కొక్కేలు కొనేటప్పుడే ఆ కుర్రాళ్ల బరువు కూడా లెక్కలో వేసుకుని కొనాలి.

జారుడుబండ సంగతి ఇంకొకటి. మాది రేకుది. ఏప్రిల్ వచ్చిందంటే సాయంత్రం ఐదింటికి కూడా చెయ్యి పెడితే చురుక్కుమంటుంది, నిక్కరు వేసుకున్న పిల్లాడు జారితే తొడలు ఎర్రగా కందిపోతాయి. పెయింట్ మార్చి చూశాం, పొద్దున నీళ్లు చల్లి చూశాం, లాభం లేదు. చివరికి దాన్ని ఊడదీసి పెద్ద వేపచెట్టుకు తూర్పు పక్కన పాతించాం. పడమటి ఎండను చెట్టు ఆపేస్తుంది, మూడు దాటాక రేకు మీద ఎండ పడదు. అంతే, సమస్య తీరిపోయింది. ఈ ఊళ్లో పార్కు పని అంటే ఏ గంటకు నీడ ఎటు పడుతుందో తెలుసుకుని దాన్నిబట్టి బెంచీ, ఉయ్యాల, కుళాయి ఎక్కడ ఉండాలో నిర్ణయించడమే అని నాకు బాగా అర్థమైంది అక్కడే. అనంతరాజుపేట హార్టికల్చర్ కాలేజీలో చదువుకున్నప్పుడు మొక్కల గురించి చాలా నేర్చుకున్నాను, ఇది మాత్రం పార్కులో నిలబడితేనే వచ్చింది.

ఇంక నీళ్లు. అనంతపురం జిల్లాకు ఏడాదంతా కలిపి పడే వాన సగటున 550 మిల్లీమీటర్ల దరిదాపు. నైరుతి మేఘం పడమటి కనుమలు దాటొచ్చేసరికి తడి తగ్గిపోతుంది, ఈశాన్య మేఘం తీరం మీదే ఎక్కువగా కురిసి మన దగ్గరికొచ్చేసరికి బలం తగ్గుతుంది. ఒక మిల్లీమీటరు వాన అంటే చదరపు మీటరు నేల మీద ఒక లీటరు నీళ్లు. మే నెలలో లాన్ పచ్చగా నిలవాలంటే చదరపు మీటరుకు రోజూ 5 లీటర్లకు తగ్గకుండా పట్టాలి. అంటే ఆకాశం ఏడాదికి ఇచ్చేదంతా ఆ గడ్డి 110 రోజుల్లో తాగేస్తుంది. ఎకరా అంటే సుమారు 4,000 చదరపు మీటర్లు కాబట్టి ఎకరా లాన్‌కు రోజుకు 20,000 లీటర్లు, 5,000 లీటర్ల ట్యాంకర్లు నాలుగు. పెన్నహోబిలం రిజర్వాయరు నుంచి వచ్చే తాగునీటి మీద బతికే ఊరు ఇది, ఎండాకాలంలో కొన్ని కాలనీల్లో ఇప్పటికీ ట్యాంకర్ కోసం బిందెలు వరస పెట్టుకుని ఆడవాళ్లు నిలబడతారు. ఆ వరస పక్క నుంచి గడ్డికి నీళ్లు తీసుకుపోవడం నాకు మనసొప్పదు. బోరు ఉంది కదా అంటారు, బోరుకు నీళ్లు ఎక్కడి నుంచి వస్తాయి, చుట్టుపక్కల ఇళ్ల బోర్లు తాగే నీళ్లే అవి.

అందుకే లాన్‌ను గేటు ముందర చిన్న ముక్కకు తగ్గించి, మిగతాదంతా చెట్ల కింద నేలగా ఉంచాం. ఒక పై అధికారి వచ్చి పార్కు కళ తప్పిందన్నారు, ఫొటోల్లో పచ్చగా కనబడటం లేదన్నారు. పైన చెప్పిన లెక్కంతా ఒక కాగితం మీద వేసి చూపించాను. తర్వాత ఎవరూ అడగలేదు. చెట్ల పాదుల్లో మూడంగుళాల మందాన చెనక్కాయ పొట్టు పరుస్తాం, నూనె మిల్లుల దగ్గర చవగ్గా దొరుకుతుంది. ఎండకు ఎర్ర గరప నేల పైపెచ్చు కట్టకుండా కాపాడుతుంది, తడి రెండు మూడు రోజులు ఎక్కువ నిలుస్తుంది, ఏడాది తిరిగేసరికి కుళ్లి ఎరువైపోతుంది. చెదలు పడతాయన్నారు కొందరు, కాండానికి జానెడు దూరం వదిలి వేస్తే పెద్ద ఇబ్బంది రాలేదు.

చెట్ల విషయంలో నాకు ఇష్టాయిష్టాలు గట్టిగా ఉన్నాయి. వేప, కానుగ రెండూ మాఘం, ఫాల్గుణంలో ఆకు రాల్చి ఉగాదికల్లా కొత్త చిగురుతో నిండిపోతాయి, సరిగ్గా ఎండ ముదిరే సమయానికి నీడ చిక్కబడుతుంది. మన ఎండలకు ఇంతకంటే తగిన చెట్లు లేవు. సీమతురాయి పూసినప్పుడు కళ్లు తిప్పుకోలేం, కానీ అది ఎర్రగా పూసే మే నెలలో ఆకు పలచగా ఉంటుంది, నీడ చాలదు, పైగా గాలివానకు కొమ్మలు విరిగి పడతాయి, దాని కింద బెంచీ వేయకూడదు. కోనోకార్పస్ సంగతి అందరికీ తెలిసిందే, తొందరగా పచ్చగా ఎదుగుతుందని ఊరూరా నాటారు, గుజరాత్ ప్రభుత్వం 2023లో దాన్ని నాటడమే నిషేధించింది. నేను కొత్తగా ఒక్కటి కూడా పెట్టనివ్వలేదు. మొక్కలు నాటే కార్యక్రమాలు జూలై, ఆగస్టుల్లో పెడతారు, మా దగ్గర ఆషాఢంలో వాన కంటే గాలి ఎక్కువ, లేత మొక్క వేళ్లూనుకోకముందే గాలికి ఊగి ఊగి వదులైపోతుంది. అనంతపురానికి మంచి వాన సెప్టెంబరు, అక్టోబరుల్లోనే. ఫొటో కోసం జూలైలో నాలుగు మొక్కలు పెట్టించి, అసలు నాట్లు వినాయక చవితి అయ్యాక పెట్టుకుంటే బతికేవి ఎక్కువ ఉంటాయి.

2021 చివర్లో తెలుగు రాష్ట్రాలంతటా వేపచెట్లు కొనల నుంచి మాడిపోయిన సంగతి గుర్తుందా? ఫోమాప్సిస్ అనే శిలీంధ్రం కొమ్మ చివర్లను ఎండబెట్టింది, దానికి తోడు టీ దోమ అనే పురుగు రసం పీల్చింది. చెట్టు మొత్తానికి నిప్పంటించినట్టు గోధుమ రంగుకు తిరిగింది. చచ్చిపోయిన చెట్లే కదా, కొట్టేద్దాం అని చాలామంది తొందరపెట్టారు. కొట్టాలంటే నీళ్లు, నేల, చెట్లను కాపాడే వాల్టా చట్టం ప్రకారం పర్మిషన్ కావాలి, ఆ చట్టం 2002 నుంచి ఉంది, అది ఉండబట్టి ఎన్నో చెట్లు బతికాయి. మా పెద్ద మాలీ ఒక్కటే మాట అన్నాడు, "ఉగాది దాకా చూద్దాం సార్, మాను పచ్చిగానే ఉంది." గోరుతో బెరడు గీకి చూపించాడు, కింద ఆకుపచ్చగా తడిగా ఉంది. ఎండిన కొనలు అందినంత వరకు కత్తిరించి తగలబెట్టాం, మందు కొట్టించాం, కాచుకున్నాం. ఉగాదికి దాదాపు అన్నీ చిగురేశాయి. ఆ చెట్ల కిందే ఇప్పుడు మధ్యాహ్నం జనం కూర్చుంటున్నారు. అప్పుడు కొట్టేసి ఉంటే ఆ నీడ మళ్లీ రావడానికి పదిహేనేళ్లు పట్టేది.

ఇంత కష్టపడి నీడ పెంచి, ఆ నీడ బాగా అవసరమైన గంటల్లోనే గేటుకు తాళం వేస్తూ వచ్చాం. ఇదీ నా బాధ.

ఒకసారి మే నెలలో ఒంటిగంట ప్రాంతంలో బయటి నుంచి పార్కుకు వచ్చాను. కాంపౌండ్ గోడ పక్కన ఒక అవ్వ కూర్చుని ఉంది, చేతిలో ప్లాస్టిక్ సంచి, అందులో టిఫిన్ క్యారియరు, ఒక ఎక్స్‌రే కవరు. సూర్యుడు నడినెత్తిన ఉన్నప్పుడు గోడ నీడ ఎంత ఉంటుంది, మూరెడు కూడా లేదు. ఆమె కాళ్లు ముడుచుకుని వీపు గోడకు ఆనించి ఆ మూరెడులో సర్దుకుంది. గోడకు అవతల పక్కన పది అడుగుల్లో కానుగ చెట్టు, దాని కింద ఖాళీ బెంచీ. నన్ను చూసి అడిగింది, "లోపల ఇంత నీడ పెట్టుకోని బీగం ఏసుకున్యారు, ఎవురికి దాచిపెడతాండారు నాయనా?" కోపంగా అడగలేదు, నిజంగానే తెలుసుకోవాలని అడిగింది. కొడుకు ఆసుపత్రిలో ఉన్నాడట, వార్డులో ఒక్కరినే ఉండనిస్తారట, కోడలు లోపల ఉంది, ఈమె బయట. గేటు తీసి లోపలికి తీసుకుపోయి కూర్చోబెట్టాను. మధ్యాహ్నం టైమింగ్ మార్చమని లెటర్ రాయాలని ఆ రోజు సాయంత్రమే నిర్ణయించుకున్నాను.

లెటర్ రాసే ముందు కొన్నాళ్లు మధ్యాహ్నాలు గేటు బయటే నిలబడి గమనించాను, ఎవరొచ్చి తాళం చూసి వెనక్కి పోతున్నారో. ఆసుపత్రుల దగ్గర రోగుల వెంట వచ్చినవాళ్లు. పొద్దున ఊరి నుంచి బస్సులో వచ్చి ఆఫీసులో పని కోసం "లంచ్ తర్వాత రండి" అనిపించుకున్నవాళ్లు. ఆటోవాళ్లు, హమాలీలు, బేల్దారి పని మధ్యలో అన్నం తినడానికి చోటు వెతుక్కునే కూలీలు. తట్ట దించుకుని కాసేపు నడుం వాల్చాలనుకునే పండ్లమ్మే అక్కలు. డీఎస్సీకి, కానిస్టేబుల్ పరీక్షలకు చదువుకునే పిల్లలు, వాళ్ల అద్దె గదులకు పైన రేకులు, మధ్యాహ్నం ఆ గదిలో పుస్తకం పట్టుకుని కూర్చోవడం అయ్యే పని కాదు. పొద్దున ఐదుకు వాకింగ్ వచ్చే పెద్దమనిషికి ఇంట్లో ఫ్యాన్, ఏసీ ఉన్నాయి. వీళ్లకు లేవు. వీళ్లలో ఎవరూ కార్పొరేటర్‌కు ఫోన్ చెయ్యరు, అందుకే టైమింగ్స్ ఎప్పుడూ మారలేదు.

ఎండదెబ్బను మన దగ్గర మామూలు విషయంగా తీసుకుంటారు. 2015 మే నెలలో వడగాలులకు ఒక్క ఆంధ్రప్రదేశ్‌లోనే 1,300 మందికి పైగా చనిపోయారు. అలా పోయేవాళ్లలో ఎక్కువ మంది ఎండలో పని చేసేవాళ్లు, ముసలివాళ్లు. గుజరాత్‌లోని అహ్మదాబాద్ 2010లో అలాంటి ఎండలకే చాలామందిని పోగొట్టుకుని, 2013లో ఎండల కోసం ప్రత్యేక ప్లాన్ తయారుచేసుకుంది, మధ్యాహ్నం పూట జనం నీడకు చేరుకునేలా చూడటం అందులో ముఖ్యమైన భాగం. మన పక్కనే బెంగళూరులో 2024లో పార్కులను పొద్దున ఐదు నుంచి రాత్రి పది దాకా తెరిచి ఉంచాలని నిర్ణయించారు, మధ్యలో మూసే పద్ధతి తీసేశారు. వాళ్లది చల్లటి ఊరు. వాళ్లకంటే మనకు ఆ అవసరం ఎంత ఎక్కువ!

అభ్యంతరాలు రాకుండా ఉండవు. మొదటిది, మధ్యాహ్నం తెరిస్తే ప్రేమజంటలు వస్తాయని. వస్తాయి, రానివ్వండి. ఇద్దరు మనుషులు పబ్లిక్ పార్కులో బెంచీ మీద కూర్చుని మాట్లాడుకుంటే పార్కుకు నష్టమేమీ లేదు. వాళ్లను బెదిరించి వీడియోలు తీసే కుర్రాళ్ల గుంపులతోనే ఇబ్బంది, ఆ గుంపులను బయటికి పంపమని వాచ్‌మన్‌కు స్పష్టంగా చెప్పాను. రెండోది, తాగుబోతులు, పేకాట. ఇది నిజమైన భయమే, ముఖ్యంగా ఆడవాళ్లు ఒంటరిగా వచ్చే చోట. దీనికి తాళం కంటే కత్తెర బాగా పనిచేస్తుంది. పొదలు మోకాలి ఎత్తు దాటనివ్వకూడదు, చెట్ల కొమ్మలు ఏడెనిమిది అడుగుల పైనుంచి మొదలయ్యేలా కింది కొమ్మలు తీసేయాలి, అప్పుడు గేటు దగ్గర కూర్చున్న మనిషికి వెనక గోడ దాకా కనిపిస్తుంది. నలుగురి కంటికి కనబడే చోట ఎవడూ సీసా తియ్యడు. ఆడవాళ్ల కోసం రెండు బెంచీలు వాచ్‌మన్ కుర్చీకి దగ్గరగా వేశాం, టాయిలెట్ దారి కూడా అటువైపే.

మూడోది మెయింటెనెన్స్, ఊడ్చడానికి, నీళ్లు పట్టడానికి ఖాళీ టైం కావాలంటారు. మే నెల మిట్టమధ్యాహ్నం నీళ్లు పడితే చాలావరకు ఆవిరైపోతుంది, ఆ టైంలో పట్టనే కూడదు. ఊడ్చే పని ఎప్పుడూ తెల్లారుజామునే. ఆ ఎండలో మా మాలీలతో పని చేయించడం కూడా తప్పే, పదకొండు నుంచి మూడున్నర దాకా వాళ్లు కూడా చెట్టు కిందే ఉండాలి. కాబట్టి ఆ గంటల్లో మూసి పెట్టి చేసే పనంటూ ఏమీ లేదు.

చివరికి ఎండాకాలం వరకు ఒప్పుకున్నారు. మెయిన్ గేటు మూసి పక్క గేటు ఒక్కటి తెరిచాం, ఒక వాచ్‌మన్, రెండు కుండల నీళ్లు, ఓఆర్ఎస్ ప్యాకెట్లు. వాచ్‌మన్‌కు ఒక విషయం పదే పదే చెప్పాను. ఒళ్లు కాలిపోతూ, మనిషి పొంతన లేకుండా మాట్లాడుతున్నా, తూలుతున్నా అది వడదెబ్బ, నిద్ర అనుకుని వదిలేయొద్దు, 108కి ఫోన్ చెయ్, అది వచ్చేలోపు బట్టలు వదులు చేసి ఒంటి మీద నీళ్లు పోసి విసురు, స్పృహ లేనివాళ్ల నోట్లో మాత్రం నీళ్లు పోయొద్దు. ఇప్పటిదాకా పెద్ద గొడవ ఏదీ కాలేదు. చెత్త కొంచెం పెరిగింది, అన్నం పొట్లాల కాగితాలు, చెనక్కాయ పొట్టు. డబ్బాలు చెట్ల దగ్గరికి జరిపితే అది కూడా తగ్గింది. చదువుకునే పిల్లలు కరెంట్ ప్లగ్ అడుగుతున్నారు, అది ఇంకా కుదరలేదు.

ప్రపంచంలోనే అతి విశాలంగా పరుచుకున్న చెట్టుగా 1989లో గిన్నిస్ బుక్ గుర్తించిన తిమ్మమ్మ మర్రిమాను కదిరి దగ్గర, మా పాత అనంతపురం జిల్లాలోనే ఉంది, దాదాపు ఐదెకరాల నీడ. దాని కిందికి ఎవరైనా ఏ వేళకైనా పోయి కూర్చోవడం తరతరాలుగా మనకు తెలిసిన పద్ధతే. టౌన్‌లోనూ అదే పద్ధతి ఉండాలని అడుగుతున్నాను.

ఇది చదివే కర్నూలు, కడప వాళ్లు కూడా మీ ఊళ్లో పార్కు టైమింగ్ బోర్డు ఒకసారి చూడండి. మధ్యాహ్నం మూస్తుంటే సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో ఒక అర్జీ ఇవ్వండి. "పార్కు తెరవండి" అని ఊరికే రాస్తే పక్కన పెట్టేస్తారు. మార్చి నుంచి జూన్ దాకా, పది నుంచి నాలుగు వరకు, ఒక్క గేటు, ఒక్క వాచ్‌మన్, తాగడానికి నీళ్లు అని వివరంగా రాయండి, ఖర్చు పెద్దగా లేదని వాళ్లకే అర్థమవుతుంది. ఫిబ్రవరిలోనే ఇవ్వండి, ఏప్రిల్లో ఇస్తే ఫైలు కదిలేసరికి వానలు వచ్చేస్తాయి.